మొదటిసారి బరిలోకి దిగే ముందు

(రాయికల్‌లో జరిగిన గిరిజన యువజన సభలో బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగం)

  

సంఘం వాళ్లు మమ్మల్ని ఆటల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఆటలంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అనుకుని ఉంటారు. వాటి గురించి మా కన్నా బాగా తెలిసిన పీఈటీ సార్లు ముందు వరుసలోనే కూర్చున్నారు. మేము ఇయ్యాల ఒక్క ఆట గురించే మాట్లాడతాం. మీ ఫోన్లలో ఎంఎంఎ అని వస్తుంది చూడండి. జాలీ కట్టిన బరిలో ఇద్దరు గుద్దుకుంటారు, తన్నుకుంటారు, కింద పడేసి మెడలు పట్టుకుంటారు. దాని పేరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. అందులో మొదటి అమెచ్యూర్ పోటీకి ఎట్లా తయారు కావాలి, దిగే ముందు ఏమేం చూసుకోవాలి అన్నది మా మాట.

వార్డెనమ్మకు ఈ కొట్లాటతో ఏం పని అని వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. పని ఉంది. మా హాస్టల్లో ఉండి చదివి వెళ్లిన ఒక అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ ఈ ఆట నేర్చుకుంటోంది. ఆమె మొదటి పోటీ వచ్చే నెలలో ఉంది. ఆమె పేరు చెప్పం. చెప్పొద్దని ఆమే అడిగింది, గెలిచాక చెప్పమంది. ఆమెను చూసి మరో నలుగురు మమ్మల్ని అడుగుతున్నారు. అడిగిన వాళ్లలో ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరైతే ఇంకా ఇంటర్ కూడా పూర్తి చేయలేదు.

ఇంకో మాట. మేము, మేము అంటున్నామంటే పెద్దరికానికి కాదు. మా హాస్టల్లో వార్డెన్, వంట చేసే అక్కలిద్దరు, వాచ్‌మన్ తాత, వారానికోసారి వచ్చే ఏఎన్ఎం, ఇందరం వంటింట్లో కూర్చుని పిల్లల సంగతి మాట్లాడుకుంటాం. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ వంటింట్లో తేలిన మాటే.

కొట్లాట ఆట మన దిక్కు కొత్త కాదు. జాతరలప్పుడు నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ పల్లెల్లో కుస్తీ పోటీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చివరికి వెండి కడెం కుస్తీ దాకా పోతుంది. ఆ కడెం కోసం మహారాష్ట్ర నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు. బోధన్ దగ్గర హున్సా అనే ఊరు ఉంది. హోలీ నాడు సాయంత్రం అక్కడ పిడిగుద్దులాట ఆడతారు. నడుమ తాడు కడతారు. ఊరు రెండు జట్లయి, ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో గుద్దుకుంటారు. అయిపోయాక కౌగిలించుకుంటారు. పోలీసులు వద్దంటుంటారు, ఊరు ఆడుతూనే ఉంటుంది. ఆచారం మీద మేము తీర్పు చెప్పం. కానీ ఒకటి గమనించండి. అక్కడ కూడా తాడు ఉంది. తాడు దాటి వెళ్లి కొట్టొద్దు. ఇంత సమయమే అని ఉంది. కట్టుబాటు లేని కొట్లాటను ఏ ఊరూ ఆట అనలేదు.

ఎంఎంఎ కూడా మొదట్లో దాదాపు కట్టుబాటు లేకుండానే పుట్టింది. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యుఎఫ్‌సి పోటీలు జరిగాయి. బరువు తరగతులు లేవు. ఎవరు ఎవరితోనైనా తలపడొచ్చు. ఆ రోజు గెలిచింది అందరిలోకీ బలంగా కనిపించినవాడు కాదు. బ్రెజిల్ నుంచి వచ్చిన రాయిస్ గ్రేసీ అనే సన్నటి మనిషి పెద్ద పెద్దోళ్లను కింద పడేసి, మెడ పట్టో చేయి పట్టో పట్టి ఒప్పుకునేట్టు చేశాడు. కండ కన్నా పట్టు గొప్పదని లోకం ఆ రోజు చూసింది. ఆ తర్వాత ఆ ఆటను చాలాచోట్ల నిషేధించారు. 2000 ప్రాంతంలో న్యూజెర్సీ రాష్ట్రంలో అందరికీ ఒకే నియమావళి రాసుకున్నాకే అది నిలబడింది. అమెచ్యూర్ల కోసం 2012లో ఒక అంతర్జాతీయ సమాఖ్య వచ్చింది, దాన్ని ఐఎంఎంఎఎఫ్ అంటారు. వాళ్ల నియమాల్లో పెద్దల పోటీ 3 రౌండ్లు, ఒక్కో రౌండు 3 నిమిషాలు. మోచేతితో కొట్టొద్దు. మడమ పట్టి మోకాలు మెలితిప్పొద్దు. చేతులకు గ్లవ్స్, పిక్కలకు ప్యాడ్లు, పళ్లకు మౌత్ గార్డ్ తప్పనిసరి. టీవీలో మీరు చూసే ప్రొఫెషనల్ పోటీ వేరు, మొదటిసారి దిగేవాళ్ల పోటీ వేరు. ఈ తేడా తెలియకుండా ఎవరన్నా మిమ్మల్ని బరిలోకి పంపుతున్నారంటే అక్కడి నుంచి లేచి రండి.

ఇప్పుడు మనకు దగ్గరి మనిషి గురించి. నిఖత్ జరీన్. నిజామాబాద్ బిడ్డ. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా బస్సెక్కితే పూట తిరగకముందే ఆమె ఊళ్లో దిగుతాం. ఆమె ఆట బాక్సింగ్, ఎంఎంఎ కాదు. అయినా మొదటిసారి బరిలోకి దిగే ఆడపిల్ల ఇంట్లో ఏం జరుగుతుందో ఆమె కథ చూస్తే తెలుస్తుంది.

ఆమె తండ్రి జమీల్ అహ్మద్ పదిహేనేళ్లు సౌదీలో సేల్స్ అసిస్టెంట్‌గా పనిచేశాడు. బిడ్డల చదువు, ఆటల కోసం తిరిగొచ్చాడు. ఈ మాట మేము కావాలనే చెబుతున్నాం. ఎందుకంటే రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు పోయిన తండ్రి లేని వాడ లేదు. మా హాస్టల్లోనూ తండ్రిని వీడియో కాల్‌లోనే చూసే పిల్లలు ఉన్నారు. నిఖత్ మొదట పరుగు పందేల్లో ఉండేది. 2009 ప్రాంతంలో బాక్సింగ్‌లోకి వచ్చింది. నేర్పింది శంషాముద్దీన్ సార్. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా కామన్వెల్త్ క్రీడల్లో 2018లో, 2022లో కాంస్యాలు తెచ్చాడు. అప్పట్లో అక్కడ బాక్సింగ్ నేర్చుకునే ఆడపిల్లలు లేరు. అబ్బాయిలతోనే సాధన చేసింది. ముక్కు నుంచి రక్తం, కన్ను వాచి ఇంటికొస్తే తల్లి ఏడ్చింది, రేపు నిన్నెవరు చేసుకుంటారని. ఆ తల్లిని తప్పు పట్టకండి. మన యాడీలు కూడా అదే అంటారు. మేమూ తల్లులమే.

రెండేళ్లకే, 2011లో, టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అంతా అక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ తర్వాతి పదకొండేళ్లు చెప్పరు. 2017లో భుజం గాయపడి శస్త్రచికిత్స అయింది, దాదాపు ఏడాది ఆట లేదు. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో ఓడింది. ఆ ట్రయల్ పెట్టమని అడగడానికే ఆమె ఎంతో మాట పడాల్సి వచ్చింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయిని 5-0తో ఓడించి సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో స్వర్ణం, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ స్వర్ణం. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా క్రీడాకారిణి వూ యు చేతిలో ఓడిపోయింది. ఏడ్చింది, దేశమంతా చూసింది. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

ఆమెను ఓడించిన మేరీ కోమ్ ఎవరో మన సభలో చెప్పకపోతే తప్పు. మణిపూర్‌లో కోమ్ అనే చిన్న గిరిజన తెగ. ఆమె తల్లిదండ్రులు ఇతరుల పొలాల్లో కష్టం చేసుకున్నవాళ్లు. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. కవల పిల్లల తల్లి అయ్యాక 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పెండ్లయితే ఆట అయిపోయినట్టే అనేవాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి.

ఎంఎంఎలో మన దేశం నుంచి యుఎఫ్‌సిలో గెలిచిన మొదటి అమ్మాయి కూడా ఉంది. పూజా తోమర్, ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా పల్లెటూరు. 2024 జూన్ 8న గెలిచింది. ఆమె నేరుగా ఇందులోకి రాలేదు, అంతకుముందు వుషులో జాతీయ ఛాంపియన్. రీతూ ఫోగట్ కుస్తీ నుంచి వచ్చింది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఎంఎంఎలో పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది ముందు ఒక ఆటను గట్టిగా నేర్చుకుని వచ్చారు. మీలో ఇంకా బడిలో ఉన్నవాళ్లకు మేము చెప్పేది ఇదే. ముందు బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండో, వుషు, వీటిలో ఒకటి పట్టుకోండి. వీటికి ప్రభుత్వ గుర్తింపు ఉంది, స్కూల్ గేమ్స్ ఉన్నాయి, సర్టిఫికెట్ రేపు స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుంది. చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే నాలుగో తరగతిలోనే హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల ఎంపికలకు తీసుకుపోండి. డబ్బు కట్టించుకుని ఏదో ఒక సంఘం పేరుతో రంగుల సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఊరికొకరు తయారయ్యారు. ఆ కాగితం ఏ ఆఫీసులో చెల్లుతుందని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

ఇక మా అమ్మాయి సంగతి.

ఆమెకు మొదటి పోటీ నిజానికి ఇప్పటికే అయిపోవాలి. నాలుగు నెలల కింద ఒక రాత్రి ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది. "మేడమ్, రెండు రోజుల నుంచి అన్నం బంద్ పెట్టిన. నీళ్లు గూడ తగ్గించిన. ప్లాస్టిక్ కోటు ఏసుకొని ఉరుకుతున్న. కళ్లు తిరుగుతున్నయి" అన్నది. ఎందుకమ్మా అంటే, ఆమె బరువు 55 కిలోలు, 52.2 కిలోల తరగతిలో దింపుతామన్నారట. ఆ తరగతిలో ఎదుటి అమ్మాయి బలహీనంగా ఉంటుంది, సులువుగా గెలుస్తావు అన్నారట. మిగిలిన 2 కిలోల 800 గ్రాములు ఎట్లా తగ్గాలో మాత్రం ఆమెకే వదిలేశారు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా పెద్ద వంటక్క వినింది. "వడ్లు ఎండబోసినట్టు మనిషిని ఎండబోస్తరా?" అన్నది. ఇన్నేళ్లలో మేము చదివిన పుస్తకాల కన్నా ఆ మాట మాకు బాగా నచ్చింది.

అది ఒక్క మా అమ్మాయి కథ కాదు. ఒంట్లోని నీళ్లు తీసి బరువు తగ్గించడం ఈ ఆటల్లో పాత రోగం. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు ఇట్లాగే బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ నియమాలు మారాయి. 2015 డిసెంబరులో చైనాకు చెందిన 21 ఏళ్ల ఎంఎంఎ క్రీడాకారుడు యాంగ్ జియన్ బింగ్ పోటీకి ముందే చనిపోయాడు. ఎదుటివాడి దెబ్బకు కాదు, నీళ్లు లేక. ఆ పోటీల నిర్వాహకులు ఆ తర్వాత నీళ్లు తగ్గించే పద్ధతినే నిషేధించి, ఒంట్లో నీరు సరిపడా ఉందా లేదా అని పరీక్ష పెట్టారు. మన వినేశ్ ఫోగట్ సంగతి మీకందరికీ తెలుసు. 2024 ఆగస్టు 7న ఒలింపిక్ ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ ఉందని పోటీ నుంచి తప్పించారు. రాత్రంతా నీళ్లు లేకుండా కష్టపడి, జుట్టు కూడా కత్తిరించుకున్నారు. చివరికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ప్రపంచ స్థాయి జట్టు, వైద్యులు చుట్టూ ఉన్న మనిషికే అట్లా అయితే, హాస్టల్ గదిలో ఒంటరిగా ప్లాస్టిక్ కోటు వేసుకున్న పిల్ల సంగతి ఏమిటి? మేరీ కోమ్ పోలండ్‌లో నాలుగు గంటల్లో రెండు కిలోలు తగ్గిందని మీరు రీల్స్‌లో చూసి ఉంటారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లకు పైగా అనుభవం ఉంది. మొదటి పోటీ వాళ్లకు అది పాఠం కాదు.

మన పిల్లల విషయంలో దీనికి ఇంకో ముడి ఉంది. ఇది మిగతా సభల్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ కొంచెం సేపు ఆగుతాం.

మధ్య భారతంలోని గిరిజనుల్లో సికిల్ సెల్ అనే రక్త సమస్య ఉంది. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంకరపోతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. ఒక్కరి నుంచే వస్తే దాన్ని ట్రెయిట్ అంటారు. ట్రెయిట్ ఉన్నవాళ్లు మామూలుగా ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు, తమకు ఉన్నట్టే తెలియదు. కానీ ఒంట్లో నీళ్లు తగ్గి, ఎండలో, ఊపిరి ఆడనంతగా కష్టం చేస్తే ఆ మామూలు కణాలే వంకరపోయే ప్రమాదం ఉంది. కండరాలు దెబ్బతిని, మనిషి కుప్పకూలిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ విద్యార్థి 2006లో ఇట్లా చనిపోయాక, 2010 నుంచి అక్కడి పెద్ద కాలేజీ ఆటగాళ్లకు ఈ పరీక్ష పెట్టారు. ట్రెయిట్ ఉంటే ఆడొద్దని కాదు దాని అర్థం. నీళ్లు తాగుతూ, మధ్యలో ఆగుతూ, కోచ్‌కు తెలిసేటట్టు ఆడాలని. ట్రెయిట్ ఉన్న పిల్లకు నీళ్లు బంద్ పెట్టి ప్లాస్టిక్ కోటు తొడిగితే ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి.

మన దేశంలో 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితంగా పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఆ కార్డు ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. (కొన్ని చేతులే లేచాయి.) చూశారా.

రెండోది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. అంటే ఇక్కడ కూర్చున్న అమ్మాయిల్లో సగం కన్నా ఎక్కువ. ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఊపిరితిత్తుల్లో ఉన్న ప్రాణవాయువును కండరాల దాకా మోసేది అదే. మోసే బండ్లే తక్కువైతే, మొదటి రౌండ్‌లో మంచిగనే ఉంటుంది, రెండో రౌండ్‌లో చేతులు బరువెక్కుతాయి, మూడో రౌండ్‌లో గార్డు కిందికి జారుతుంది. గార్డు జారినప్పుడే తలకు దెబ్బ తగులుతుంది. అందుకే ఇది ఐరన్ గోలీలతో ఆగే ముచ్చట కాదు, తలకాయ దాకా పోయే ముచ్చట.

మా అమ్మాయిని మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాం. సికిల్ సెల్ లేదు. హిమోగ్లోబిన్ 9.8. పోటీ వాయిదా వేసుకోమని మేము గట్టిగా చెప్పాం. బాగా ఏడ్చింది. వారం రోజులు మాతో మాట్లాడలేదు. వాళ్ల బాపు దుబాయ్ నుంచి ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఎట్ల జెప్తె అట్లనే. కానీ బిడ్డ మనసు ఇరగొట్టకుండ్రి" అన్నాడు. ఆ మాట మాకు గుర్తుంది. మూడు నెలలు ఐరన్ గోలీలు, రోజూ గుడ్డు, పల్లీలు బెల్లం, ఆకుకూర, వారానికి రెండుసార్లు మాంసం. గోలీ వేసుకున్నాక గంట దాకా చాయ్ తాగొద్దని మా ఏఎన్ఎం ఆమెకు రోజూ మెసేజ్ పెట్టింది, విసుగొచ్చేదాకా పెట్టింది. ఇప్పుడు 11.7కు వచ్చింది. పోటీ 56.7 కిలోల తరగతిలో, కడుపునిండా తిని ఆడుతుంది. ఎదుటి అమ్మాయి ఆమె కన్నా కిలోన్నర ఎక్కువ ఉండొచ్చు. ఉండనీయండి.

తయారీ గురించి అడుగుతున్నారు కదా. ఆమె చెప్పింది, మేము వెళ్లి చూసింది కలిపి చెబుతాం. జిమ్‌లో చేరి ఏడాది దాటాకే పోటీ మాట ఎత్తారు. అది మాకు నచ్చిన విషయం. మూడు నెలలు నేర్పి దింపేసేవాళ్లు ఉన్నారు. పోటీ తేదీ పెట్టుకున్నాక ఎనిమిది వారాలు. పొద్దున పరుగు, తాడాట. సాయంత్రం ఒక రోజు గుద్దులు, తన్నులు. ఒక రోజు కుస్తీ, ఎదుటివాళ్లు కాళ్ల మీదికి వస్తే కాళ్లు వెనక్కి విసిరి వాళ్ల మీద బరువు పడేయడం. ఒక రోజు నేల మీద పట్లు. గట్టిగా కొట్టుకునే స్పారింగ్ వారానికి ఒక్కసారి మించొద్దు. చివరి వారం బాగా తగ్గించాలి. చాలామంది కుర్రాళ్లు రోజూ తలలు పగలగొట్టుకుంటేనే సాధన అనుకుంటారు. మెదడుకు వేరే వ్యాయామం లేదు, దెబ్బ తింటే గట్టిపడదు.

3 నిమిషాలు అంటే ఎంతసేపు అని మా పిల్లలు అడిగారు. హాస్టల్ ఆవరణలో గడియారం పెట్టి చూపించాం. 3 నిమిషాలు ఆగకుండా ఉరకాలి, నిమిషం ఆగాలి, మళ్లీ 3 నిమిషాలు, మళ్లీ. మూడోసారికి పదిహేను మందిలో నలుగురే మిగిలారు. గిరిజన పిల్లలకు పుట్టుకతోనే బలం ఉంటుంది అనే మాట పెద్ద పెద్దవాళ్లు స్టేజీల మీద అంటుంటారు. మాకు ఆ మాట అస్సలు నచ్చదు. పొగడ్తలాగే ఉంటుంది కానీ, సాధనకు ఖర్చు పెట్టకుండా తప్పించుకునే దారి అది. మలావత్ పూర్ణ మన నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. ఆ రోజు ఫొటో అందరి దగ్గరా ఉంది. దాని వెనక భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ ఉంది. పుట్టుకతో ఎవరూ ఎవరెస్టు ఎక్కరు.

ఇప్పుడు అబ్బాయిలూ, ఇది మీకు. ఈ ఆటలో మొదటి రోజు నేర్పేది గుద్దడం కాదట. ట్యాప్ చేయడం. మెడ పట్టో, చేయి పట్టో బిగిసి ఇక లాభం లేదనుకున్నప్పుడు ఎదుటివాడి ఒంటి మీద రెండుసార్లు చేత్తో తట్టాలి. తట్టగానే అవతలివాడు వదిలేయాలి. అంతే, ఆ క్షణంతో అయిపోయింది. మీరు ఒప్పుకున్నారు, వాడు వదిలాడు. లేచి చేతులు కలిపి మళ్లీ మొదలుపెడతారు. ఒక్క సాయంత్రంలో ఒక్కొక్కరు పది పదిహేనుసార్లు తడతారట. మేము వెళ్లిన రోజు ఒక కొత్త కుర్రాడు తట్టకుండా మొండికేశాడు, మొఖం నల్లబడేదాకా. కోచ్ ఆపి వాణ్ని బయట కూర్చోబెట్టాడు. తట్టని వాడికి ఇక్కడ చోటు లేదన్నాడు. తట్టినా వదలని వాడికి అసలే లేదన్నాడు. మన దగ్గర పెండ్లిళ్లలో, కల్లు దుకాణం కాడ, వినాయకుడి నిమజ్జనంలో ఎన్ని కొట్లాటలు చూశాం. ఎవడూ తట్టడు, ఎవడూ వదలడు. పొద్దున్నే పోలీస్ స్టేషన్ ముందట ఇద్దరి తల్లులు కూర్చుంటారు. ఈ ఆట నేర్చుకున్నవాడు బయట చెయ్యెత్తితే ఆ రోజే ఆట మానిపించే జిమ్ వెతుక్కోండి. నేర్చుకున్న విద్యతో తండాలో రీల్స్ కోసం తమ్ముణ్ని పడేసేవాడి వీడియోకు లైకు కొట్టకండి.

జిమ్‌ను ఎట్లా ఎంచుకోవాలి అన్నది ఆఖరి సంగతి, అన్నిటికన్నా భయపెట్టే సంగతి. 2022 జులైలో బెంగళూరులో ఒక కిక్ బాక్సింగ్ పోటీలో మైసూరుకు చెందిన 23 ఏళ్ల యువకుడు తలకు దెబ్బ తగిలి పడిపోయాడు, మళ్లీ లేవలేదు. అక్కడ తగిన వైద్య ఏర్పాట్లు లేవని కుటుంబం అన్నది. మీ పిల్లను పంపే ముందు తల్లిదండ్రులు వెళ్లండి. పోటీ జరిగే చోట డాక్టర్ ఉంటాడా, అంబులెన్స్ తలుపు దగ్గర నిలబడి ఉంటుందా, దగ్గర్లో ఏ ఆసుపత్రి అని అడగండి. ముందు రక్తపరీక్షలు అడుగుతారా లేదా చూడండి. హెచ్ఐవి, హెపటైటిస్ పరీక్షలు ఎదుటి పిల్ల కోసం కూడా కావాలి. పరీక్షలు అడగని పోటీ మనకొద్దు. ఎదుటి పిల్లకు ఎన్ని పోటీల అనుభవం ఉందో అడగండి, మొదటి పోటీ వాళ్లకు మొదటి పోటీ వాళ్లే జత కావాలి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఎన్ని రోజులు ఆపుతారని అడగండి. నెల రోజుల కన్నా తక్కువ చెబితే మాకు ఫోన్ చేయండి. తలనొప్పి, వాంతులు, కళ్లు మసకలు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. ఆడపిల్లల విషయంలో బరువు ఎవరు తూస్తారు, ఏ గదిలో తూస్తారు, పక్కన ఆడ కోచ్ ఉందా అని కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మన వాళ్లు సిగ్గుపడతారు. ఫీజు కట్టేటప్పుడు వాళ్లు సిగ్గుపడుతున్నారా?

పెండ్లి సంగతి ఒక తండ్రి ఇందాక చాయ్ దగ్గర అడిగాడు. "ముక్కు పలిగితె రేపు పెండ్లి ఎట్ల జేయాలె మేడమ్?" ముక్కు పగలదని మేము మాట ఇవ్వలేం అన్నా. పగలొచ్చు. మాకు తెలిసినంతలో, పదిహేడేళ్లకు పెండ్లి చేసిన పిల్లల్లో ఒంటికి తగిలిన దెబ్బలు ఏ జిమ్‌లోనూ తగలవు. ఇంతకన్నా స్టేజీ మీద చెప్పం, మీతో కూర్చుని మాట్లాడతాం.

మా అమ్మాయి పోటీ వచ్చే నెల ఆదివారం హైదరాబాద్‌లో. వాళ్ల యాడి వస్తుంది, మేము ముగ్గురం వెళ్తున్నాం, వాచ్‌మన్ తాత కూడా వస్తానని పట్టుబట్టాడు. పొద్దున ఐదింటి బస్సు. రావాలనుకున్న అమ్మాయిలు తల్లిదండ్రుల సంతకంతో బుధవారం లోపు హాస్టల్లో పేరు రాయించండి, సీట్లు తక్కువ ఉన్నాయి. ఇప్పుడు భోజనాలకు ముందు వెనక గదిలో మా ఏఎన్ఎం కూర్చుంటుంది. హిమోగ్లోబిన్, సికిల్ సెల్ రెండు పరీక్షలూ అక్కడే. ఆటల్లో లేనివాళ్లు కూడా రండి. అబ్బాయిలు ముందు, ఎందుకంటే సూదంటే పారిపోయేది మీరే.